జె.సి. రోడ్డులో గొలుసు బేరం

బెంగుళూరికి చుట్టపుచూపుగా వచ్చే మనవాళ్ళకు ఒక జాబితా సిద్ధంగా ఉంటుంది. లాల్‌బాగు, కబ్బన్ పార్కు, విధానసౌధ, బసవనగుడిలో నందీశ్వరుడు. ఓపిక మిగిలితే చిక్కపేటలో చీరలు. వచ్చినవాళ్ళను తిప్పి తిప్పి మాకు ఈ జాబితా కంఠతా వచ్చింది. ఆ జాబితాలో ఏనాడూ చోటు దొరకని వీధి ఒకటున్నది. దాని పేరు జయచామరాజేంద్ర రోడ్డు. మైసూరు కడపటి మహారాజుగారి పేరు అంత పొడుగున పలికే తీరిక ఎవరికీ లేదు కనుక అందరూ జె.సి. రోడ్డు అంటారు.

ఈ రోడ్డుకు ఒక కొసన 1935లో కట్టిన పుట్టణ్ణచెట్టి టౌనుహాలు, రెండో కొసన మినర్వా సర్కిలు. టౌనుహాలు సమీపాననే టాగూరు శతజయంతికి గుర్తుగా కట్టి 1963లో తెరచిన రవీంద్ర కళాక్షేత్రం ఉన్నది. నాటకానికి వచ్చినవాళ్ళు నాటకం చూసి వెళ్ళిపోతారు. సభకు వచ్చినవాళ్ళు సభ చూసి వెళ్ళిపోతారు. పక్కనున్న అంగళ్ళ వంక కన్నెత్తి చూసేవాళ్ళు అరుదు. కాని ఇంట్లో ఒక పాత మోటారుబండి ఉన్న సంసారికి, కాశీ వెళ్ళినా వెళ్ళకపోయినా, జె.సి. రోడ్డు యాత్ర ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

రోడ్డు పొడుగునా మోటారు సామానుల దుకాణాలే. అద్దాలు ఒకచోట, సీటు తొడుగులు ఒకచోట, హారన్లు ఒకచోట, బేరింగులు ఒకచోట. అడ్డసందుల్లోకి తిరిగి కలాసిపాళ్యం వైపు నడిస్తే లేతుమిషన్ల రొద, వెల్డింగు మెరుపులు, వేడి ఇనుము వాసన. మాటలు చెవినపడతాయి సుమా, ఆ వినోదం ఇంకెక్కడా దొరకదు. బేరం కన్నడంలో మొదలై, ధర దగ్గర ఉర్దూలోకి దిగి, చిల్లర లెక్క అరవంలో తేలి, “సరే పో, తీసుకో” అన్నమాట తెలుగులో ముగుస్తుంది. హిందూపురం, మదనపల్లె, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఈ వీధిలో కూడా తక్కువేమీ కాదు.

మా అన్నదమ్ములిద్దరినీ ఈ వీధికి నడిపించినది మా నాన్నగారి బుల్లెట్టు. ఆయన దాన్ని 1991లో కొన్నారు. అప్పట్లో ఆయనకు ఉద్యోగం బెంగుళూరులో, తల్లిదండ్రులు హిందూపురంలో. నెలకొక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం మీదుగా పోయి, తల్లి చేతి భోజనం చేసి, చీకటిపడకముందే తిరిగి వచ్చేవారు. మా చదువులూ, మా అక్కయ్య పెండ్లి బజారుపనులూ, మా తాతగారి కడసారి చూపూ అన్నీ ఆ బండిమీదనే జరిగినవి. మా ఇంట్లో దానికి పేరు లేదు. “బండి” అంటే అదే.

నాన్నగారికి ఇప్పుడు డెబ్బైయారేళ్ళు. కంటి ఆపరేషను జరిగిన తరువాత ఆయన బండి నడపటం మానుకున్నారు. మేమే ఆదివారాలు దాన్ని బయటికి తీస్తూ వచ్చినాము. ఒకనాడు హెబ్బాళ వంతెన ఎక్కుతూ ఉండగా ఇంజను ఒక్కసారి బొబ్బ పెట్టింది. బండి మాత్రం ముందుకు కదలలేదు. కింద “టకటక”మని చప్పుడు. గొలుసు వెనక చక్రపు పళ్ళమీద నుంచి జారుతున్నది. వెనక లారీ ఉన్నది. ఆ లారీ డ్రైవరు పుణ్యాత్ముడు, వేగం తగ్గించినాడు. వెనక కూర్చున్న అమ్మకు ఏమీ కాలేదు. కాని ఇంటికి వచ్చి జరిగిన సంగతి చెప్పగానే నాన్నగారు ఒక్కమాట అన్నారు:

“నమ్మకం లేని బండి ఇంట్లో ఉండరాదు నాయనా. గుజరీవాణ్ణి పిలిచి తూకానికి ఇచ్చేయండి.”

ఆ మాట కోపంతో అన్నది కాదు. అందుకే మాకు మరింత కష్టమనిపించింది. మా రాకపోకలకు ఆ బండి లేకపోతే గడవదని కాదు. మెట్రో రైలున్నది, బస్సులున్నవి. కాని ముప్పైఅయిదేళ్ళు సంసారాన్ని మోసిన ప్రాణిని తూకానికి అమ్ముకోవటం మాకు మనసొప్పలేదు. “ఒక నెల గడువివ్వండి. బాగుచేయించి చూపిస్తాము. మీరు ఎక్కి చూసి, అప్పటికీ నమ్మకం కుదరకపోతే మీరు చెప్పినట్లే చేస్తాము” అన్నాము. ఆయన ఒప్పుకున్నారు. అంతమాత్రానికే మా అమ్మ మాకంటె ముందుగా సంతోషించింది.

ఇక్కడ గొలుసు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మోటారుబండిలో ఇంజను పుట్టించిన బలాన్ని వెనక చక్రానికి అందించేది గొలుసే. ఇంజను పక్కనున్న గేరుపెట్టెకు ఒక చిన్న పళ్ళచక్రం, వెనక చక్రానికి ఒక పెద్ద పళ్ళచక్రం. ఈ రెంటినీ కలుపుతూ గొలుసు తిరుగుతుంది. ఇప్పుడు మనం వాడే రోలరు గొలుసుకు రూపమిచ్చినవాడు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండులో పుట్టి, ఇంగ్లండులో మాంచెస్టరు చేరి, 1880లో ఆయన దానికి పేటెంటు పొందినాడు. సైకిలుకూ అదే, మోటారుసైకిలుకూ అదే. నూటనలభై ఏళ్ళు దాటినా మూలసూత్రం మారలేదు.

మా బండి 350 సి.సి. బుల్లెట్టు. గేరుపెట్టె చక్రానికి 16 పళ్ళు, వెనక చక్రానికి 38 పళ్ళు. అంటే వెనక చక్రం ఒక్కచుట్టు తిరిగేలోగా ముందుది రెండుంపావు పైచిలుకు చుట్లు తిరుగుతుంది. కనుక ముందు చక్రపు ఒక్కొక్క పన్ను వెనకదానికంటె రెండింతలకు మించి పనిచేస్తుంది. అరగటంలోనూ అదే ముందు.

గొలుసు సాగింది అంటాము గాని, నిజానికి ఇనుము సాగదు. గొలుసులో దగ్గర దగ్గర వంద కీళ్ళున్నవి. ప్రతి కీలులోనూ ఒక పిన్ను, దానిచుట్టూ ఒక గొట్టం. దుమ్మూ వాననీరూ చేరి నూనె ఆరిపోతే పిన్ను కొంచెం, గొట్టం కొంచెం అరుగుతవి. ఒక్కొక్క కీలులో అరిగేది వెంట్రుకవాసి. వంద కీళ్ళలో వంద వెంట్రుకవాసులు కలిసేసరికి గొలుసు పొడుగవుతుంది. పొడుగైన గొలుసు పంటి మొదట్లో కూర్చోక పైకి జరిగి కొనమీద కూర్చుంటుంది. అప్పుడు పళ్ళు ఒకవైపే అరిగి కొక్కేల్లాగా వంగుతవి. గొలుసు చక్రాన్ని చెరుపుతుంది, చక్రం గొలుసును చెరుపుతుంది. ఒకదాని రోగం ఇంకోదానికి అంటుకుంటుంది.

మా బండికి జరిగినదీ ఇదే. నాన్నగారు నడిపే రోజుల చివరలో ఒక షెడ్డులో కొత్త గొలుసు వేయించినారు. చక్రాలు రెండూ పాతవే ఉంచినారు. “పళ్ళు బాగానే ఉన్నవి, అనవసరపు ఖర్చెందుకు?” అని ఆ షెడ్డువాళ్ళు చెప్పినారట. కొక్కేలు తిరిగిన పాతపళ్ళ మీద కొత్త గొలుసు ఎక్కితే అది సరిగా అమరదు. బరువంతా ఒకటి రెండు పళ్ళమీదనే పడుతుంది. ఏళ్ళ తరబడి రావలసిన గొలుసు నెలల్లోనే పాడయింది. కనుక గొలుసు మారిస్తే రెండు చక్రాలూ కూడా మార్చాలి. అంగళ్ళలో మూడూ కలిపి చైన్‌సెట్టు అని అమ్మేది ఇందుకే.

మేము మొదట వెళ్ళిన దుకాణం యజమాని తాతలనాడు మదనపల్లె వైపు నుంచి వచ్చినవారు. మేము బండి పేరూ సంవత్సరమూ చెప్పగానే, “ఏం కావాల సార్? గొలుసొకటేనా, సెట్టా?” అన్నారు. సెట్టు అన్నాము. ఆయన ముఖం వికసించింది. “ఆ మాట అడిగేవాళ్ళు తక్కువ సార్. అందరూ గొలుసొకటి తీసుకపోతారు, ఆర్నెల్లకు తిరుక్కోని వస్తారు” అని నిచ్చెన వేసి అటకెక్కినారు. కోయంబత్తూరులో తయారయ్యే రోలాన్ గొలుసు ఒకటీ, పదహారు పళ్ళ చిన్నచక్రం ఒకటీ దింపినారు. గొలుసు డబ్బా విప్పి, గ్రీజుతో మెరుస్తున్న గొలుసును బల్లమీద చాచి, ఒక కొలబద్ద తెచ్చి పక్కన పెట్టినారు.

“కొలుచుకోండి సార్, ఇరవై గొలికెలు” అన్నారు.

కొలిచినాము. ఇరవై గొలికెలకు సరిగా పన్నెండున్నర అంగుళాలు. ఒక్కొక్కటి అంగుళంలో ఎనిమిదో వంతులు అయిదు. మేము వెంటతెచ్చిన పాత గొలుసును కూడా అట్లే బిగలాగి కొలిస్తే పన్నెండుముప్పావు దాటింది. నూటికి రెండుపాళ్ళు పెరిగితే గొలుసు పని అయిపోయినట్లే అని ఆయన చెప్పినారు. పావంగుళమే కదా అనిపిస్తుంది. ఆ పావంగుళమే హెబ్బాళ వంతెన మీద మమ్మల్ని ఆపినది.

చిక్కు వచ్చినది వెనక చక్రం దగ్గర. తక్కిన చాలా బండ్లకు వెనక పళ్ళచక్రం బోల్టులు విప్పితే ఊడివచ్చే బిళ్ళ. మా పాత బుల్లెట్టుకు అట్లా కాదు. బ్రేకు డ్రమ్మూ పళ్ళచక్రమూ ఒకటే పోత. పళ్ళు అరిగితే డ్రమ్ము మొత్తం మార్చాలి. దాని ఖరీదు గొలుసుకంటె చాలా ఎక్కువ. పక్కసందులో ఒక లేతువాడు మా ముఖాలు చూసి, “డ్రమ్ము ఎందుకు సార్, ఉన్న పళ్ళకే వెల్డింగు పోసి అరగదీసి ఇస్తా, సగం డబ్బుకు” అన్నాడు. మాలో ఒకరికి ఆ మాట నచ్చింది. ఒకరికి నచ్చలేదు. అన్నదమ్ములం గనుక నడివీధిలోనే వాదించుకున్నాము. చివరకు మేస్త్రీని అడుగుదామని అనుకున్నాము.

మా మేస్త్రీ షెడ్డు కలాసిపాళ్యం సందులో ఉన్నది. రెండు బండ్లు పడితే మూడోది వీధిలో నిలబడవలసినంత చోటు. మేస్త్రీ వయసు అరవై దాటింది. బుల్లెట్టు తప్ప వేరేబండి ముట్టడు. ఒకప్పుడు జావాలు కూడా చేసేవాడట. 1961 నుంచి 1996 దాకా మైసూరులో జావాలూ ఎజ్దీలూ తయారైనవి గదా, పాత జావాకు గొలుసు చుట్టూ రేకు తొడుగు నిండుగా ఉండేది, దుమ్ము తగిలేది కాదు అని వాటి గుణం ఇప్పటికీ చెబుతాడు. వెల్డింగు మాట ఎత్తగానే చేతిలోని పానా కింద పెట్టినాడు.

“సాబ్, అతికించిన పన్నుతో మీరు చెరుకు నములుతారా? ఆ పన్ను ఊడి గొలుసు తెగితే ముందుచక్రం దగ్గర చుట్టుకుంటాది. బండి అక్కడికక్కడే బిగుసుకపోతాది. డ్రమ్ము తెండి. లేకుంటే బండి తీసుకపోండి.”

వాదం అంతటితో తీరింది. మళ్ళీ జె.సి. రోడ్డుకు వెళ్ళి డ్రమ్ము తెచ్చినాము. వెళ్ళినవాళ్ళం వెళ్ళినట్టే బ్రేకు లైనింగులూ, డ్రమ్ములోపలి రబ్బరు దిమ్మలూ కూడా తీసుకున్నాము. ఖర్చంతా కలిపితే ఒక మంచి పట్టుచీరకు తక్కువే అయింది. ఈ పోలిక మా అమ్మది.

మరునాడు పొద్దున పని మొదలైంది. నాన్నగారు కూడా వస్తామన్నారు. ఆటోలో తీసుకువెళ్ళి, షెడ్డు ముందర స్టూలు వేసి కూర్చోబెట్టినాము.

బుల్లెట్టుకు గొలుసు ఎడమవైపు. చిన్నచక్రం బయటికి కనపడదు. దానిముందు క్లచ్చి ఉన్నది, క్లచ్చిముందు నూనెతో నిండిన పెద్ద మూత ఉన్నది. ఈ కారణం చేతనే చాలా షెడ్లలో ఈ చక్రం జోలికి పోరు. గొలుసొకటి మార్చి పంపిస్తారు. ఆ మూతను పట్టి ఉంచేది నడుమనున్న ఒకేఒక నట్టు అంటే మాకు ఆశ్చర్యమైంది. కాలు పెట్టే కమ్మీ, బ్రేకు పెడలు తీసి, కింద పళ్ళెం పెట్టి, ఆ నట్టు విప్పేసరికి నల్లని నూనె కారింది. తరువాత క్లచ్చి స్ప్రింగులు, పళ్ళేలు ఒక్కొక్కటి తీసి, ఏ వరుసలో వచ్చినవో ఆ వరుసలోనే గుడ్డమీద పేర్చినాడు మేస్త్రీ. ఇంజను వైపు పళ్ళచక్రమూ క్లచ్చీ వాటి గొలుసుతోసహా ఒక్కమారే బయటికి వచ్చినవి. లోపలి మూత కూడా తీసిన తరువాత ఆ చిన్నచక్రం దర్శనమిచ్చింది.

పదహారు పళ్ళూ సముద్రపు అలల్లాగా ఒకేవైపు వంగి ఉన్నవి. పాతదాని పక్కన కొత్తది పెట్టి చూస్తే ఒకటి కొడవలి, ఒకటి గోపురం. నాన్నగారు స్టూలుమీద నుంచి లేచివచ్చి రెండింటినీ చేతబట్టి తడిమి చూసినారు. కళ్ళకంటె వేళ్ళనే ఎక్కువ నమ్ముతారు ఇప్పుడు. “ఇంత అరిగిందా!” అని మాత్రం అన్నారు.

కొత్తచక్రం పెట్టి, నట్టు బిగించి, అది తిరిగి వదులుకాకుండా పట్టు వేసి, లోపలినుంచి బయటికి ఒక్కొక్కటి తిరిగి అమర్చేసరికి మధ్యాహ్నమైంది. భోజనాలు చేసివచ్చి వెనకచక్రం పట్టుకున్నాము. చక్రానికీ డ్రమ్ముకూ నడుమ రబ్బరు దిమ్మలున్నవని చెప్పినాము గదా. ఇంజను కుదుపు గొలుసుకు సూటిగా తగలకుండా అవి తింటవి. పాతవి గట్టిపడి చిట్లిపోయినవి. కొత్తవాటికి కొంచెం సబ్బునీరు రాసి కూర్చోబెట్టి, కొత్త డ్రమ్ము తగిలించి, చక్రం ఎక్కించినారు.

గొలుసు రెండు కొసలనూ కలిపే కడపటి గొలికెకు ఒక చిన్న క్లిప్పు ఉంటుంది. అది చేప ఆకారంలో ఉంటుంది. చేప తల గొలుసు నడిచే దిక్కుకు, చీలిన తోక వెనక్కు ఉండాలి. తిరగేసి పెడితే, నడకలో దేనికో తగిలి క్లిప్పు ఊడిపోవచ్చును. “చేప ఎదురీదాల సాబ్, తోకతో ముందుకు పోయే చేప ఉందా?” అన్నాడు మేస్త్రీ. బండి ఉన్నవాళ్ళు ఈ ఒక్కమాట గుర్తుంచుకుంటే చాలు, తమ బండి క్లిప్పు సరిగా ఉన్నదో లేదో తామే చూసుకోగలరు.

తరువాత బిగువు సరిచేయటం. బుల్లెట్టుకు వెనక ఇరుసు రెండుకొసలా నత్తగుల్ల ఆకారపు బిళ్ళలున్నవి. వాటి అంచున గాట్లున్నవి. బిళ్ళ తిప్పితే చక్రం వెనక్కు జరిగి గొలుసు బిగుస్తుంది. కుడివైపు ఎన్ని గాట్లో ఎడమవైపూ అన్నే ఉండాలి. లేకపోతే చక్రం వంకరగా నడిచి గొలుసు ఒకపక్కే అరుగుతుంది. మేస్త్రీ గాట్లు లెక్కపెట్టి ఊరుకోలేదు. నూలుదారం ఒకటి వెనక టైరుకు ఆనించి ముందు టైరు దాకా లాగి పట్టుకొని, రెండుచక్రాలూ ఒకే గీతలో ఉన్నవో లేవో చూసినాడు. కంసాలి దగ్గరా వడ్రంగి దగ్గరా ఉండే ఓపిక అది.

“ఇప్పుడు బరువు కావాల. పెద్దయ్యా, మీరు ఎక్కి కూర్చోండి” అన్నాడు.

బండిమీద మనిషి కూర్చుంటే స్ప్రింగులు దిగి గొలుసు బిగువు మారుతుంది. ఖాళీబండికి సరిచూస్తే, మనిషి ఎక్కినప్పుడు బిగిసిపోయి బేరింగులను తినేస్తుంది. అందుకని ఎవరో ఒకరు కూర్చోవలసిందే. మేమిద్దరమూ అక్కడే ఉన్నాము. అయినా మేస్త్రీ ఆయననే అడిగినాడు.

నాన్నగారు మా భుజాలు ఆసరాగా పట్టుకొని ఎక్కి కూర్చున్నారు. చేతులు వాటంతట అవే పోయి హేండిలు పట్టుకున్నవి. కుడికాలు గేరుమీదికి, ఎడమకాలు బ్రేకుమీదికి పోయినవి. పాత బుల్లెట్టుకు అట్లా తారుమారుగా ఉంటుంది. రెండేళ్ళ తరువాత ఆయనను అట్లా చూడటం. ఎవ్వరమూ ఏమీ మాట్లాడలేదు. మేస్త్రీ మాత్రం వంగి, చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ, నాలుగైదుచోట్ల గొలుసును వేలితో పైకెత్తి, ఎక్కువ బిగువున్నచోట సుమారు ఒక అంగుళం ఆట ఉండేటట్లు సరిచేసినాడు. “బస్, దిగండి” అని అతడు అన్న తరువాత కూడా నాన్నగారు ఒక నిమిషం దిగలేదు. ఎవ్వరమూ తొందరపెట్టలేదు.

సాయంత్రం బండి స్టార్టు చేసి, మాలో ఒకరం లాల్‌బాగు గోడ చుట్టూ తిప్పుకొని వచ్చినాము. చప్పుడు వేరేగా ఉన్నది. గేరు మార్చినప్పుడు వచ్చే దెబ్బ లేదు. గొలుసు పళ్ళమీద నడుస్తున్నదో లేదో తెలియనంత మెత్తన.

వారంపాటు ఊళ్ళోనే తిప్పి, గొలుసు ఇంకొకమారు సరిచూపించినాము. కొత్త గొలుసు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో తన ఇరవు కుదుర్చుకుంటూ కొంచెం వదులవుతుందట. తరువాతి ఆదివారం తెల్లవారుజామున నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకొని ఒకరం, సామానుతో అమ్మను కారులో ఎక్కించుకొని ఇంకొకరం, లేపాక్షికి బయలుదేరినాము. బెంగుళూరు నుంచి నూటఇరవై కిలోమీటర్లు. హెబ్బాళ వంతెన వచ్చింది. గేరు తగ్గించి ఎక్కించినాము. బండి మారుమాట లేకుండా ఎక్కింది. వెనకనుంచి నాన్నగారు భుజంమీద ఒకమారు తట్టినారు, అంతే.

చిక్కబళ్ళాపురం దాటి బాగేపల్లి వచ్చేసరికి, రాష్ట్రం ఇంకా కర్ణాటకమే అయినా, టీ అంగట్లో మాట తెలుగైపోయింది. కొడికొండ దగ్గర పెద్దరోడ్డు విడిచి లేపాక్షి దారి పట్టినాము. ఊరిముందర ఒకే రాతిలో మలచిన బసవన్న ఉన్నాడు, పదిహేనడుగుల ఎత్తు, ఇరవైఏడడుగుల పొడుగు. బండి ఆయన ఎదుట చెట్టుకింద ఆపినాము. నాన్నగారు దిగి ముందు బసవన్నకు దండం పెట్టలేదు. వంగి, గొలుసు వంక చూసి, తరువాత దేవుడివైపు తిరిగినారు. మా అమ్మ అది చూసి నవ్వింది.

మధ్యాహ్నం వీరభద్రస్వామి గుడి మండపంలో కూర్చొని పులిహోర తింటూ ఉండగా ఆయన అన్నారు: “రిజిస్ట్రేషను 2026 దాకా ఉంది. పదిహేనేళ్ళు నిండినప్పటినుంచి అయిదేళ్ళకొకమారు నా పేర చేయించుకుంటూ వచ్చినాను. ఈమారు నా పేర వద్దు. కాగితాలు మీలో ఎవరిపేరనైనా రాయించుకోండి. గుజరీవాడి మాట ఇక ఎత్తను.”

ఎవరిపేర అనే వాదం మా ఇద్దరికీ ఇంకా తెగలేదు. ఈమారు మేస్త్రీని అడిగితే లాభం లేదు.

చదువరులలో పాతబండ్లు ఉన్నవాళ్ళకు మేస్త్రీ చెప్పిన నాలుగు మాటలు చెప్పి విరమిస్తాము. వెనకచక్రం చివర గొలుసును వేళ్ళతో పట్టి వెనక్కు లాగండి. సగం పన్ను బయటపడిందంటే రోజులు దగ్గరపడినట్లే. అయిదువందల కిలోమీటర్లకొకమారు, బండి తిరిగివచ్చి గొలుసు వెచ్చగా ఉన్నప్పుడు తుడిచి, కింది వరుసకు లోపలివైపున నూనె వేయండి. కీళ్ళలో రబ్బరు వలయాలున్న కొత్తరకం గొలుసైతే పెట్రోలుతో మాత్రం కడగకండి. అన్నిటికంటె ముఖ్యం, గొలుసు తుడిచేటప్పుడు ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఇంజను నడుస్తూ ఉండగా గుడ్డతో గొలుసు పట్టుకొని వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను ఆయన స్వయంగా చూసినాడు. మార్చవలసిన రోజు వచ్చినప్పుడు ఒక్క గొలుసు కొనుక్కొని ఇంటికి పోకండి. మూడూ అడగండి. జె.సి. రోడ్డులో ఆ మాట తెలుగులో అడిగినా అర్థమవుతుంది.